సంఘనాయకుడు – ఋజువర్తనము

క్రైస్తవ సంఘమునకు నాయకుడగువానికి ఏ గుణములు కావలెనని అడిగినచో వాక్పటిమ, శాస్త్రజ్ఞానము, ప్రార్థనాశీలము అని చాలమంది చెప్పుదురు. అవి కావలసినవే. కాని పౌలు తిమోతికి వ్రాసిన మొదటి లేఖలో సంఘాధ్యక్షుని లక్షణములను చెప్పిన పట్టికను చూచినచో కొంత ఆశ్చర్యము కలుగును. అందు బోధనాసామర్థ్యము ఒక్క మాటతో ముగిసినది. తక్కినది ఇంచుమించు అంతయు నడవడికి సంబంధించినదే. త్రాగుబోతు కారాదు, ధనాపేక్ష ఉండరాదు, తన యింటిని చక్కగా ఏలుకొనవలెను, సంఘమునకు వెలుపలనున్నవారు కూడ అతనిని గూర్చి మంచిమాట చెప్పవలెను. ఈ చివరి నియమము మిక్కిలి గమనింపదగినది. నాయకుని శీలమునకు అతని అనుచరుల సాక్ష్యము చాలదట. అతని మతముతో సంబంధములేని అంగడివాడు, ఇరుగుపొరుగువాడు కూడ సాక్షులే.

ఆ పట్టికకు తలమానికముగా నున్న మాటను మన తెలుగు బైబిలు ‘నిందారహితుడు’ అని అనువదించినది. మూలమునందలి గ్రీకు పదమునకు ‘పట్టు చిక్కనివాడు’ అని అర్థము. ఎదిరి చేయి వేయుటకు ఎక్కడను పట్టు దొరకకుండ నడుచుకొనువాడన్నమాట. తీతుకు వ్రాసిన లేఖలో ఇదే అధ్యక్షుని దేవుని గృహనిర్వాహకుడనుట కలదు. మన దేశమున దేవాలయముల విషయమున ‘ధర్మకర్త’ అను మాట వాడుకలో నున్నది. భావము దాదాపు ఒక్కటియే. ఇంటి తాళపుచెవులు అతని చేతిలో నుండును. ఇల్లు అతనిది కాదు. కనుక సంఘనాయకుని నిజాయితీ అనునది అతని అంతరాత్మకును దేవునికిని మాత్రమే సంబంధించిన రహస్యవిషయము కానేరదు. దొంగిలింపకుండుట ఒకటి, దొంగిలింపలేదని నలుగురు తమంతట తాము తెలిసికొనుటకు వీలుగా నడుచుకొనుట మఱియొకటి. మొదటిది ప్రతి మనుష్యునికి ఉండవలసినది. రెండవది నాయకునికి ప్రత్యేకముగా ఉండవలసినది. సంఘచరిత్రలో పొరపాట్లు తఱచు ఈ రెండవదాని యొద్దనే జరిగినవి.

ఈ భేదమును పౌలు స్వయముగా ఆచరించి చూపెను. యెరూషలేములోని బీదల కొఱకు మాసిదోనియ, అకయ మొదలగు ప్రాంతముల సంఘములనుండి అతడు చందా ప్రోగుచేసెను. ఆ సొమ్మును తానొక్కడే మోసికొనిపోవుటకు అతడు ఒప్పుకొనలేదు. ఇచ్చినవారే తమ ప్రతినిధులను ఎన్నుకొని పంపవలెనని కొరింథీయులకు వ్రాసెను. ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికి కూడ తన పని మంచిదిగా కనబడవలెనని అందుకు కారణము చెప్పెను. అపొస్తలుల కార్యముల గ్రంథములో అతని వెంట ఆ ప్రయాణమున పోయినవారి పేర్లున్నవి: బెరయవాడొకడు, థెస్సలొనీకవారిద్దఱు, దెర్బేవాడొకడు, ఆసియవారు ఇద్దఱు. నేటి భాషలో చెప్పవలెనన్న అది ఒక తనిఖీ సంఘము. పౌలును అనుమానించుటకు వారు పోలేదు. అనుమానమునకు తావులేకుండ చేయుటకు పోయిరి. తన్ను నమ్మనివారు తనకు అక్కఱలేదని కోపగించుకొను నాయకులు ఈ ఘట్టమును మఱల నొకసారి చదువుకొనుట మంచిది.

అయినను సంఘము ఆదినుండియు నిష్కళంకముగా నున్నదని తలపరాదు. రెండవ శతాబ్దమున స్ముర్న పట్టణపు బిషప్పగు పోలికార్పు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖ నేటికిని నిలిచియున్నది. ఆ సంఘపు పెద్ద వాలెన్సు అనువాడు, అతని భార్య ధనాశచేత పతనమైరని అతడు అందు దుఃఖించెను. వారిని శత్రువులుగా చూడక దారికి తెచ్చుకొనుడని కోరెను. అతడు ఆ తప్పును కప్పిపుచ్చలేదు, తప్పుచేసినవారిని తఱిమికొట్టనులేదు. ఈ రెంటి నడుమనుండి దారి తీయుట మిక్కిలి కష్టము. ఆ కష్టమును పూర్తిగా అనుభవించినవాడు, అనుభవించినదంతయు వ్రాసి పెట్టినవాడు హిప్పో బిషప్పు అగస్టీను. అతని జీవితములోని రెండు ఘట్టములను ఇచ్చట కొంత విస్తరించి చెప్పవలసియున్నది.

హిప్పో పట్టణము ఉత్తర ఆఫ్రికాలో మధ్యధరా సముద్రతీరమున నుండెను. నేటి అల్జీరియా దేశములోని అన్నాబాయే అది. అగస్టీను 354లో జన్మించి, 391లో హిప్పోలో గురువుగా నియుక్తుడై, కొలది సంవత్సరములకే బిషప్పయ్యెను. అతని పాండిత్యమును లోకమెఱుగును. అతని పరిపాలనలోని చిక్కులు అంతగా ప్రచారములోనికి రాలేదు. వానిలో ఫుస్సాల వ్యవహారము మిక్కిలి బాధాకరమైనది.

ఫుస్సాల హిప్పోకు నలువది మైళ్ల దూరమున నున్న చిన్న కోటయూరు. అక్కడి జనులు డోనాటిస్టులను చీలికపక్షమునకు చెందినవారై యుండి, ప్రభుత్వపు ఒత్తిడివలన కొంత, బోధవలన కొంత, అగస్టీను పక్షమున చేరిరి. దూరమెక్కువ. అచ్చటి ప్రజల నుడి ప్యూనిక్ భాష. అగస్టీనునకు అది రాదు. కావున వారికి ప్రత్యేకముగా ఒక బిషప్పు అవసరమయ్యెను. ఆ భాష తెలిసిన గురువునొకనిని అగస్టీను సిద్ధము చేసెను. అభిషేకము జరిపించుటకు నుమీదియ ప్రాంతపు జ్యేష్ఠ బిషప్పు, వృద్ధుడు, చాలదూరము ప్రయాణించి వచ్చెను. తీరా ఆయన వచ్చిన తరువాత, సిద్ధమైయున్న ఆ గురువు నేనొల్లనని తొలగిపోయెను.

అప్పుడు అగస్టీను చేయవలసినది కార్యమును వాయిదావేయుట. అంత పెద్దవానిని రిక్తహస్తములతో త్రిప్పిపంపుట మర్యాద కాదని అతనికి తోచెను. తన మఠములో బాల్యమునుండి పెఱిగిన ఆంటోనినసు అను యువకుని ముందునకు నిలిపెను. వాని వయస్సు ఇరువది యేండ్లకు కొంచెము పైన. ఆరాధనలో వాక్యము చదువు వాచకుని పనితప్ప మఱియే బాధ్యతను వాడు మోసి యెఱుగడు. ఫుస్సాలవారు అగస్టీను మాటమీది నమ్మకముతో వానిని స్వీకరించిరి.

తరువాతి కథ ఊహింపదగినదే. బీదయింట పుట్టి, మఠపు అన్నముతో పెఱిగినవానికి ఒక్కసారిగా అధికారము చేజిక్కెను. జనులయొద్ద ధనము, వస్త్రములు, పశువులు, పంట దోచెను. తన గృహనిర్మాణమునకై పరుల యిండ్ల కలపను రాళ్లను సైతము లాగుకొనెను. ఊరివారు మొఱపెట్టుకొనిరి. బిషప్పులు కూడి విచారించిరి. సొమ్ము తిరిగి ఇవ్వవలెననియు, ఫుస్సాలపై అధికారము ఉండదనియు తీర్పు చెప్పిరి. కాని బిషప్పు అను హోదాను మాత్రము ఉంచిరి. ఆ సగము కరుణ రెండవ పొరపాటని నా అభిప్రాయము. ఏలయనగా ఆంటోనినసు ఆ హోదానే పట్టుకొని రోమునకు అప్పీలు చేసికొనెను. బిషప్పుగా ఉండదగినవాడనైనచో నా పీఠము నాకేల ఇవ్వరని వాని వాదము. తర్కము వాని పక్షముననే యున్నది!

రోమునుండి ప్రభుత్వోద్యోగులు, సైనికులు వచ్చి ఆంటోనినసును మఱల నిలుపుదురని ఫుస్సాలలో వదంతి పుట్టెను. అగస్టీనునకు అప్పటికి డెబ్బదియేండ్లు సమీపించుచున్నవి. అతడు కొత్తగా పీఠమెక్కిన పోపు సెలెస్టీనునకు ఒక లేఖ వ్రాసెను. వానిని పరీక్షింపకయే నియమించిన అవివేకము తనదేయని ఆ లేఖలో స్పష్టముగా నున్నది. బిషప్పులలో తనకు మిత్రుడైనవానిని కాక తన్ను నిందించుచున్న ఊరివారిని రక్షింపుడని అతడు వేడుకొనెను. తానుచేసిన తప్పువలన ఆ సంఘము నాశనమగుట చూడవలసివచ్చినచో తాను పదవినుండి తొలగుటకు ఆలోచించుచున్నానని కూడ వ్రాసెను. ఈ లేఖ పూర్వమునుండి తెలిసినదే. ఇదే సంగతిని మఱింత వివరముగా ఫాబియోలా అను రోము నగరపు కులీన స్త్రీకి అతడు వ్రాసిన లేఖ పదునైదు శతాబ్దములు మఱుగున పడియుండి, ఆస్ట్రియా పండితుడు యోహానెస్ దివ్యాక్ కనుగొన్న లేఖలతోపాటు 1981లో అచ్చయ్యెను. ఆంటోనినసు రోములో ఆమె యింట ఆదరము పొందుచుండెను. ఆమె అతిథి యెట్టివాడో ఆమెకు తెలుపుట అగస్టీను తన విధిగా నెంచెను. కాని ఆ లేఖలో పగ లేదు. వానిని కుమారుడనియే పేర్కొనుచు, వాని ఆత్మకు మేలు చేయుమని ఆమెను కోరుచున్నాడు.

ఇందు మనము ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. అగస్టీనును పెడదారి పట్టించినది లోభము కాదు, బంధుప్రీతి కాదు, మొగమాటము. ఒక పెద్దమనిషి యెదుట మాట పోవునను సంకోచము. సంఘములలో అయోగ్యులు పదవులకెక్కుట చాలసార్లు ఇట్లే జరుగును. లంచము తీసికొనని నాయకుడుకూడ మొగమాటమునకు లొంగును. “ఇప్పుడేమి కొంపమునిగినది, ముహూర్తము తప్పిపోవును గదా” అను తొందరలో సంతకము చేయును. ఋజువర్తనమునకు పచ్చి నిజాయితీతోపాటు కొంత మొగము చెల్లని ధైర్యముకూడ కావలెను. అగస్టీను ఆ గడియలో ఆ ధైర్యమును కోల్పోయెను. అతని గొప్పతనమంతయు ఆ తరువాత దానిని దాచకపోవుటలో నున్నది. పదవి పరువు కాపాడుటకై జనుల నోరు మూయింపవలెనని అతడు చూడలేదు.

రెండవ ఘట్టము అతని సొంత యింటిలోనే జరిగినది. అగస్టీను బిషప్పు గృహమును మఠముగా మార్చి, తనతో నివసించు గురువులు, డీకనులు అందఱును సొంత ఆస్తిని వదలుకొని ఉమ్మడిగా జీవింపవలెనని నియమము చేసెను. యెరూషలేములోని మొదటి విశ్వాసులు అట్లు జీవించిరని అపొస్తలుల కార్యములలో నున్నది గదా. హిప్పో ప్రజలకు ఈ నియమము తెలియును. తమ గురువులు నిర్ధనులని వారు నమ్మియుండిరి.

425లో ఆ మఠవాసియైన జానువారియసు అను గురువు మరణించెను. అతనియొద్ద కొంత ధనమున్నది. అది నాది కాదు, మఠములో పెఱుగుచున్న నా కుమార్తెది, ఆమెకు వయస్సు వచ్చువఱకు దాచుచున్నానని అతడు చెప్పుచుండెడివాడు. మరణము సమీపించినప్పుడు మాత్రము అది తనదేయని ప్రమాణము చేసి వీలునామా వ్రాసెను. కుమార్తెను, కుమారుని తప్పించి సంఘమును వారసురాలిగా చేసెను. పైకి చూచినచో ఇది సంఘమునకు లాభమే. అగస్టీనునకు పిడుగుపాటుగా తోచెను. ఏమీ లేదన్నవాడు వీలునామా వ్రాసినాడు. అనగా ఇన్నాళ్లును అబద్ధమాడినాడు.

అగస్టీను ఏమి చేసెను? చనిపోయినవాని గుట్టు చనిపోయినవానితో పోనిండని ఊరకుండవచ్చును. సొమ్మును నెమ్మదిగా ఖజానాలో జమకట్టుకొనవచ్చును. అతడు ఆ రెండును చేయలేదు. ఆ యేటి చివర నొకదినమున ప్రజలు ఎక్కువగా రావలెనని ముందుగా కోరి, వారి యెదుట నిలువబడి, జరిగినదంతయు చెప్పెను. ఆ ఆస్తిని తాను స్వీకరింపననియు, అది పిల్లలకే చెందవలెననియు ప్రకటించెను. కన్నబిడ్డను త్రోసిపుచ్చి సంఘమునకు ఆస్తి వ్రాయదలచినవాడు పుచ్చుకొనుటకు మఱియొకనిని వెదకుకొనవచ్చునని తెగేసి చెప్పెను. కార్తేజి బిషప్పు ఔరేలియసు కథను ఉదాహరించెను. సంతానములేనివాడొకడు ఆస్తినంతయు సంఘమునకిచ్చి, తరువాత బిడ్డలు కలుగగా, అతడు అడుగకముందే ఔరేలియసు ఆ యాస్తిని తిరిగి ఇచ్చివేసెనట. చట్టప్రకారము ఇవ్వనక్కఱలేదు. చట్టము వేఱు, ఋజుత్వము వేఱు.

ఆ దినముననే అగస్టీను తన పూర్వనియమమునుకూడ మార్చుకొనెను. ఇదివఱకు ఉమ్మడి జీవితము వలదన్నవానిని గురుత్వమునుండి తొలగించుచుండెను. ఇకమీద ఆస్తి ఉంచుకొనదలచినవాడు బాహాటముగా ఉంచుకొనవచ్చును, గురువుగానే యుండవచ్చును; కాని లేదని నటించుటకు మాత్రము వీలులేదనెను. కుంటివాడు ఫరవాలేదు, చచ్చినవానితోనే దుఃఖమని, వేషధారి చచ్చినవానితో సమానుడని అతని భావము. నియమము కఠినముగా నుండుటవలననే మనుష్యులు అబద్ధికులగుచున్నారేమో యని తన్ను తాను ప్రశ్నించుకొనిన నాయకులు చరిత్రలో ఎక్కువమంది కానరారు.

తన గృహమువారికి అతడు గడువిచ్చెను. 426 జనవరిలో, ప్రభువు ప్రత్యక్షతాపండుగ దాటిన తరువాత, మఱల ప్రజలను సమావేశపఱచెను. లాజరసు అను డీకను అపొస్తలుల కార్యములలోని ఉమ్మడి జీవితపు ఘట్టమును చదివెను. అంతటితో తృప్తిలేక అగస్టీను గ్రంథమును తానే చేతబట్టుకొని అదే భాగమును మఱల చదివెను. తరువాత జరిగినది ఉపదేశము కాదు, లెక్క అప్పగింత. తన యింటిలోని వారిని పేరుపేరున పిలిచినట్లుగా ఒక్కొక్కరి ఆస్తి స్థితిని సభకు వినిపించెను.

డీకను వాలెన్సునకు సోదరునితో పంచుకొనని పొలమున్నది. పంపకము జరిగినపిమ్మట తన వంతు సంఘమునకిచ్చును. అగస్టీను సోదరుని కుమారుడు పాట్రీషియసునకు తల్లి అనుభవములోనుండిన పొలముల తగవు ఇంకను తీఱలేదు. బిషప్పు సోదరుని కొడుకని అతనిని విడిచిపెట్టలేదని గమనింపుడు. సెవెరసునకు కన్నులు కనబడవు. తల్లికిని చెల్లెలికిని ఒక యిల్లు కొనెను. ఆ ధనము భక్తులు కొందఱిచ్చినది. హెరాక్లియసు ధనవంతుడు; తన సొమ్ముతో అమరవీరుని పేర మందిరము కట్టించెను. లెపోరియసు అన్యదేశస్థుల కొఱకు సత్రము కట్టించెను. బర్నబా అను గురువు ఒక గృహస్థుని వలన ఎస్టేటు కొనెనని ఊరిలో పుకారు పుట్టియుండెను. అది కొనుగోలు కాదు, మఠమునకు ఆ గృహస్థు చేసిన దానమని అగస్టీను ఆ యాసామి పేరుతో సహా చెప్పి, పుకారునకు సమాధానమిచ్చెను. బర్నబా అప్పులపాలైన మాటను మాత్రము దాచలేదు. కొందఱు తమ దాసులను విముక్తులను చేయుదురని ప్రకటించెను. మఠవాసులకుకూడ దాసులుండుట, వారిని పొలములతోపాటు ఆస్తిలో లెక్కించుట నేడు మనకు మింగుడుపడని సంగతి. ఆ కాలపు గ్రుడ్డితనమది. అగస్టీను దానినుండి పూర్తిగా బయటపడినవాడు కాడు.

చివరకు తన సంగతికూడ చెప్పెను. తనకు ఖరీదైన వస్త్రము బహుమానముగా ఇచ్చినచో అమ్మి బీదలకిచ్చుచున్నానని, కావున అందఱును ధరింపదగిన సామాన్య వస్త్రమునే ఇండని ప్రజలను కోరెను. అందఱును ఉమ్మడి జీవితమునే అంగీకరించినందున, ఇకమీద రహస్యముగా ఆస్తి ఉంచుకొనినట్లు పట్టుబడినవానిని గురువుల జాబితానుండి కొట్టివేయుదునని, అట్టివాడు ఎన్ని సభలకు ఎక్కినను, ఎన్ని సముద్రములు దాటినను హిప్పోలో గురువు కాజాలడని గట్టిగా చెప్పెను. ఆ సముద్రముల మాటలో ఆంటోనినసు జ్ఞాపకమున్నదేమో యని నాకు తోచును.

అతనితో నలువది సంవత్సరముల పరిచయముగల కాలమా బిషప్పు పొసిడియసు అతని జీవితచరిత్రను వ్రాసెను. అందులో ఒక సంగతి నన్ను ప్రత్యేకముగా ఆకర్షించినది. అగస్టీను ఎన్నడును సంఘపు తాళపుచెవిని గాని ముద్రాంగుళీయకమును గాని తన చేత నుంచుకొనలేదట. సమర్థులైన గురువులకు వంతులవారీగా ఆ పని ఒప్పగించెడివాడు. రాబడి, వ్యయము వారు వ్రాయుదురు. సంవత్సరాంతమున ఎంత వచ్చినది, ఎంత ఖర్చయినది, ఎంత మిగిలినది అతనికి చదివి వినిపింతురు. డబ్బు వచ్చుచున్నదని ఎట్టి దానమునైనను అతడు పుచ్చుకొనలేదు. బోనిఫేసు అను నౌకావ్యాపారి ఆస్తిని అందుకే నిరాకరించెను. ప్రభుత్వధాన్యము మోయు ఓడ మునిగినచో నావికులను హింసించి విచారింతురు; నష్టము కట్టుటకు సంఘము బంగారము నిలువచేయవలసియుండును. వాకిట బిచ్చగాడుండగా పెట్టెలో బంగారము దాచుట బిషప్పు పని కాదని అతని వాదము. ఈ నిరాకరణమును కొందఱు చేతకానితనమని విమర్శించిరి. అతడు ఆ విమర్శకుకూడ ప్రజల యెదుటనే జవాబు చెప్పెను.

అందఱు బిషప్పులును అగస్టీనులు కాజాలరు. కావున సంఘము సద్గుణమును చట్టముగా మార్చవలసివచ్చెను. సిరియా ప్రాంతమున ఎడెస్సా బిషప్పు ఈబాసుపై అతని గురువులే సంఘధనము విషయమై నేరము మోపిరి. 449లో తూరు పట్టణమున జరిగిన రాజీలో, ఇకమీద సంఘాదాయమును గురువులలోనుండి నియమింపబడిన నిర్వాహకులద్వారా నడపుదునని అతడు ఒప్పుకొనెను. రెండేండ్ల తరువాత, 451లో, నేటి ఇస్తాంబులులో కలిసిపోయిన కాల్సిడోను పట్టణమున మహాసభ జరిగినది. క్రీస్తు స్వభావమును గూర్చిన నిర్వచనమునకై ఆ సభ ప్రసిద్ధి చెందినది. కాని అదే సభ చేసిన నియమములలో రెండవది ధనము పుచ్చుకొని పదవులిచ్చుటను నిషేధించి, ఇచ్చినవానికి, పుచ్చుకొన్నవానికి ఇద్దఱికిని పదవీభ్రంశము విధించెను. ఇరువదియాఱవ నియమము, బిషప్పున్న ప్రతి సంఘమునకు ఒక ప్రత్యేక నిర్వాహకుడు ఉండితీరవలెనని శాసించెను. సాక్షులులేని పరిపాలన జరుగరాదని దానికి కారణము చెప్పబడినది. క్రీస్తు స్వభావమును నిర్ణయించిన పండితులే జమాఖర్చులనుగూర్చికూడ శాసనము చేయుట చిల్లరపనిగా తలపలేదు.

మన తెలుగునాటి సంగతికి వచ్చినచో, ఆంగ్లికన్ సంఘములో తొలి భారతీయ బిషప్పయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై, 1945 జనవరి 1న మరణించువఱకు దోర్నకల్ పీఠమున నుండెను. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకొని తెలుగువారిలో పనిచేసెను. ఫుస్సాలలో అగస్టీనునకు ఏ భాష అడ్డుగోడయ్యెనో, అట్టి గోడను ఈయన తానే దాటెను. సంఘము విదేశధనముపై ఆధారపడక తన కాళ్లపై నిలువవలెనని ఆయన పట్టుదల. క్రైస్తవుల దానధర్మమును గూర్చి గ్రంథముకూడ వ్రాసెను. ఆయన సంఘములలో అత్యధికులు కూలిపని చేసికొను నిరుపేదలు. స్త్రీలు వంటకు బియ్యము తీసికొనునప్పుడెల్ల ఒక పిడికెడు వేఱుగా తీసి దేవునికని దాచి ఆరాధనకు తెచ్చుట మన పల్లె సంఘములలో బాగుగా వేళ్లూనిన ఆచారము.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన తరువాత కోశాధికారులు, సమితులు, ఆడిట్లు నియమబద్ధమైనవి. విదేశవిరాళములపై 1976లోనే దేశములో చట్టము వచ్చినది. దానిస్థానమున 2010లో మఱియొకటి, దానికి 2020లో కఠినమైన సవరణ వచ్చినవి. ప్రస్తుతము అట్టి విరాళము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధానశాఖ ఖాతాలోనే పడవలెను. పరిపాలన ఖర్చులు నూటికి ఇరువదికి మించరాదు. ఈ చట్టమును గూర్చి అభిప్రాయభేదములున్నవి. అది ఎట్లున్నను, చట్టము అడుగు లెక్కలు ప్రభుత్వమునకు పోవును. పిడికెడు బియ్యము ఇచ్చిన స్త్రీకి ఆ కాగితములు చేరవు, చేరినను ఆమె చదువలేదు.

కోతపండుగనాడు మన పల్లెలలో దేవాలయపు ముంగిట గుమ్మడికాయను, కోడిపుంజును, బియ్యపు గంపను వేలము వేయుట చాలమంది చూచియుందురు. ఎవరెంతకు పాడిరో పిల్లలకు సైతము తెలియును. పాట పెరుగుచున్నకొలది నవ్వులు, కేకలు. ఆ సొమ్ము పెట్టెలో పడిన తరువాత ఊరు నిశ్శబ్దమగును. కొన్ని సంఘములలో మఱుసటి ఆదివారము కాపరి లేచి, వేలమువలన ఇంత వచ్చినది, కప్పు మరమ్మతునకు ఇంత, విధవరాండ్రకు ఇంత, నిలువ ఇంత అని ఆరాధన ముగియకముందే చదివి వినిపించును. వెనుక వరుసలో కూర్చున్న వృద్ధురాలు తాను తెచ్చిన పుంజు ఎంతకు పోయినదని మఱల నొకసారి అడుగును. ఆయన పుస్తకము త్రిప్పి, వెదకి, చెప్పును.